ఎడమ చేతికి పని చెప్పండి: ఆర్గాన్ తొలి ఆల్బమ్‌పై పాఠకుల ప్రశ్నలు

చర్చిల్లో, పెళ్ళి బ్యాండ్లలో కీబోర్డు వాయించేవాళ్ళకు నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కొదవ లేదు. వాళ్ళలో కొందరికి జాజ్ ఆర్గాన్ మీద మనసు పడింది, సొంతంగా తొలి ఆల్బమ్ తేవాలని ఉంది. ఈ నెల వాళ్ళ ప్రశ్నలకే జవాబులు. ఒకే సందేహం నలుగురు రాసినచోట ఒకటిగా కలిపాం.

ప్రశ్న: ఏడెనిమిది ట్యూన్లతో ఆర్గాన్ ఆల్బమ్ చెయ్యాలని ఉంది. నా కీబోర్డులో ‘జాజ్ ఆర్గాన్’ అన్న టోన్ పెట్టి ఎంత వాయించినా రికార్డుల్లో విన్న సౌండ్ రావడం లేదు. కొత్త కీబోర్డు కొనాల్సిందేనా? – కావలి పాఠకుడు

జవాబు: అక్కర్లేదు. ముందు ఉన్నదాంట్లో మూడు ఆపెయ్యండి: టచ్ రెస్పాన్స్, సస్టెయిన్ పెడల్, హాల్ రివర్బ్. మీరు విన్న రికార్డుల్లో చాలావాటిలో మోగేది హామండ్ బి-3 అనే కరెంటు ఆర్గాన్. దాని మెట్టును (కీని) నిమిరినా గుద్దినా ఒకటే మోత. పెంచడం, తగ్గించడం అంతా కుడికాలి కింద ఉండే ఎక్స్‌ప్రెషన్ పెడల్‌ది. వేలు తియ్యగానే స్వరం ఠక్కున ఆగుతుంది. సస్టెయిన్ తొక్కి పియానోలాగా వాయిస్తే ఏ టోన్ పెట్టినా అది ఆర్గాన్ అవదు. డబ్బు పెట్టాలనుకుంటే మొదట ఎక్స్‌ప్రెషన్ పెడల్‌కి పెట్టండి. సస్టెయిన్ పెడల్ ఉత్త స్విచ్చి, ఇది వేరు. కీబోర్డు వెనక దానికి సాకెట్ ఉందో లేదో చూసుకుని మరీ కొనండి.

తర్వాత డ్రాబార్లు, అంటే స్వరంలో ఏ పొర ఎంత మోగాలో లాగి పెట్టే కడ్డీలు. ఒక్కో సెట్టులో తొమ్మిది ఉంటాయి, ఒక్కోదాన్ని 0 నుంచి 8 దాకా బయటికి లాగొచ్చు. ఎడమ నుంచి వరసగా 16, 5⅓, 8, 4, 2⅔, 2, 1⅗, 1⅓, 1 అడుగులు. ఇవి పైపు ఆర్గాన్ గొట్టాల పొడవుల లెక్క. ఎనిమిదడుగుల బార్ మీరు నొక్కిన షడ్జమం అనుకుంటే, 16 మంద్ర షడ్జమం, 5⅓ మీరు నొక్కిన షడ్జమానికి పైనున్న పంచమం. జాజ్‌లో అందరూ మొదలుపెట్టే సెట్టింగు 888 000 000, అంటే ఈ మూడూ పూర్తిగా లాగి మిగతావి లోపలికి తోసెయ్యడం. చూడ్డానికి ఏమీ లేనట్టే ఉంటుంది, అసలు రుచి ఇక్కడే.

దానిమీద పెర్కషన్ వెయ్యండి: థర్డ్, ఫాస్ట్, సాఫ్ట్. స్వరం మొదట్లో ‘టింగ్’మని తార పంచమం ఒకటి తగిలి మాయమవుతుంది. ఇక్కడొక మెలిక ఉంది. ముందు నొక్కిన మెట్లన్నీ వదిలితేనే ఆ ‘టింగ్’ మళ్ళీ వస్తుంది. వేళ్ళు అతుక్కుపోయినట్టు వాయిస్తే మొదటి స్వరానికే మోగి తర్వాత మూగబోతుంది. అదేదో పాడైందని కొందరు టోన్ మార్చేస్తుంటారు. పాడవలేదు, యంత్రం కట్టుబడే అంత. స్వరాల వరసను ముక్కలు చేసి, మధ్యలో చెయ్యి పైకెత్తి వాయించండి. బి-3లో పెర్కషన్ వేస్తే తొమ్మిదో డ్రాబార్ పనిచెయ్యదు, ఎందుకంటే పెర్కషన్ వాడుకునేది ఆ బార్ సర్క్యూట్‌నే. నిజాయితీగా చేసిన సాఫ్ట్‌వేర్లలోనూ ఇలాగే ఉంటుంది. స్వరాన్ని వణికించే వైబ్రటో స్విచ్చిని సి-3 మీద పెట్టండి.

ఇక లెస్లీ, అంటే తిరిగే స్పీకరు. నెమ్మది వేగంలో పై హారన్ నిమిషానికి దాదాపు 48 చుట్లు, వేగంలో 400 చుట్లు తిరుగుతుంది. కీబోర్డులో రోటరీ ఎఫెక్టు హెర్ట్జ్‌లో అడిగితే 0.8, 6.7 అని పెట్టండి. పాటంతా ఫాస్ట్‌లో ఉంచడం కొత్తవాళ్ళ మొదటి తప్పు. వినేవాడికి తల తిరుగుతుంది. నెమ్మదిలో ఉంచి, పొడుగు కార్డ్ (కలిపి నొక్కే స్వరాలు) పట్టినచోట వేగం పెంచి, కార్డ్ అయిపోయేలోపు తగ్గించాలి. ఒక వేగం నుంచి ఇంకో వేగానికి ఎక్కే ఆ ఒకటి రెండు సెకన్లలోనే అందమంతా ఉంది. తొమ్మిది డ్రాబార్లూ లాగి గొంతు చించుకోవడం రెండో తప్పు. దాన్ని ట్యూన్‌లో ఆఖరి ఆవృతానికి దాచుకోండి.

మీ కీబోర్డులో డ్రాబార్లు లేకపోతే (కొన్ని యమహా అరేంజర్లలో ‘ఆర్గాన్ ఫ్లూట్స్’ పేరుతో ఉంటాయి, వెతకండి) యూఎస్‌బీ తీగతో లాప్‌టాప్‌కి కలిపి సెట్‌బీఫ్రీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడుకోండి. ఆడియో బఫర్ (లాప్‌టాప్ ఒక్కోసారి పోగుచేసి వదిలే శబ్దం ముక్క) 128 శాంపిల్స్ పెడితే, 48 కిలోహెర్ట్జ్ దగ్గర ఆలస్యం బఫర్‌కి 2.7 మిల్లీసెకన్లు పడుతుంది. దీన్ని చెయ్యి పట్టదు. 1024 పెడితే 21 దాటుతుంది, మెట్టు నొక్కాక శబ్దం ఆలస్యంగా వచ్చినట్టు తెలిసిపోతుంది.

ప్రశ్న: నాకు గిటార్ వాయించే ఫ్రెండు, డ్రమ్స్ వాయించే తమ్ముడు ఉన్నారు. బేస్ గిటార్ మనిషి దొరకట్లేదు. ఆల్బమ్ ఎట్టా చెయ్యాలి? – ఒంగోలు విద్యార్థి

జవాబు: మీ ముగ్గురూ చాలు. ఆర్గాన్, గిటార్, డ్రమ్స్ అన్నది జాజ్‌లో పాతుకుపోయిన కూర్పు. బేస్ మీ ఎడమ చేతిది. ఆర్గాన్ నేర్చుకోవడంలో మూడొంతులు ఈ ఎడమ చేతి చాకిరీయే. కుడిచేతి విన్యాసాలు ఎన్ని వచ్చినా ఎడమ చెయ్యి తడబడితే డ్రమ్మర్‌కి ఆనుకోవడానికి ఏమీ ఉండదు.

61 మెట్ల కీబోర్డును మధ్య ‘సి’ దగ్గర చీల్చండి. ఎడమవైపు రెండు స్థాయిలు బేస్‌కి, కుడివైపు మూడు స్థాయిలు రాగానికి. ఎడమవైపు డ్రాబార్లు 838 000 000, పెర్కషన్ ఉండకూడదు. పదహారడుగుల బార్ వల్ల మీరు నొక్కినదానికి ఒక స్థాయి కింద మోగుతుంది, నిలువు బేస్ (డబుల్ బేస్) పలికే చోటికి దిగుతుంది. డబుల్ బేస్ అడుగు తీగ 41 హెర్ట్జ్. అరచేతి స్పీకర్లలో, లాప్‌టాప్‌లో అది వినపడదు. బేస్ లేదనుకుని ఎడమ చెయ్యి వాల్యూమ్ పెంచేస్తే రికార్డింగులో గోడలు అదురుతాయి. హెడ్‌ఫోన్స్‌లో విని సరిచూసుకోండి.

ఏం వాయించాలి? ‘ఎఫ్’ను షడ్జమం చేసుకుని పన్నెండు బార్ల బ్లూస్ తీసుకోండి. ఇక్కడ బార్ అంటే డ్రాబార్ కాదు, తాళంలో ఒక చుట్టు. బార్‌కి నాలుగు దెబ్బలు, దెబ్బకొక స్వరం. మొదటి బార్: స, చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, అంతర గాంధారం. నాలుగో దెబ్బ మీదున్న అంతర గాంధారానికి అర మెట్టు పైనే శుద్ధ మధ్యమం. రెండో బార్ కార్డ్ దానిమీదే మొదలవుతుంది కాబట్టి బేస్ అందులోకి జారిపోతుంది. రెండో బార్లో మ దగ్గర మొదలుపెట్టి సాధారణ గాంధారం, చతుశ్రుతి రిషభం, శుద్ధ రిషభం మీదుగా దిగి మూడో బార్ మొదటి దెబ్బకు షడ్జమం. కిటుకు ఇదే: బార్లో ఆఖరి దెబ్బ రాబోయే కార్డ్ మూల స్వరానికి అర మెట్టు ఇటో అటో ఉండాలి. మిగతా మూడు దెబ్బలకు ఆ కార్డ్‌లోని స్వరాలు ఏవైనా సరే.

నాలుగు దెబ్బలూ సమానంగా, మధ్యలో సందు లేకుండా నడవాలి. స్వింగ్ (జాజ్ ఊపు) కుడిచేతిలో, డ్రమ్స్‌లోని రైడ్ తాళంలో ఉంటుంది, బేస్‌లో కాదు. బేస్ కూడా ఊగితే అందరూ ఊగుతారు, నిలబెట్టేవాడు ఉండడు. మెట్రోనోమ్ 80 మీద పెట్టి, అది కొట్టే దెబ్బలను 2, 4 అనుకుని వాయించండి. ఎడమ చెయ్యి ఒక్కటే పదిహేను నిమిషాలు, తర్వాత కుడిచేత్తో ఒకటే కార్డ్ పట్టి వదలడం. కుడిచేతి రాగం ఆ తర్వాతే. బొటనవేలు, చిటికెన వేలు నొక్కిన మెట్టును వదలకుండానే ఒకదాని చోటికి ఇంకొకటి మారాలి, లేకపోతే మధ్యలో గతుకు వినిపిస్తుంది.

కింద కాళ్ళతో బేస్ వాయించే పెడల్ బోర్డు లేకపోయినా నష్టం లేదు. జాజ్‌వాళ్ళు చాలామంది పెడల్‌ను బేస్ స్వరానికి ఆరంభంలో ‘థప్’మనే దెబ్బ కోసమే తడతారు, స్వరాన్ని లాగడానికి కాదు.

ప్రశ్న: ఏ ఆల్బమ్‌లు వినమంటారు? తొలి ఆల్బమ్‌లే చెప్పండి. – సింగరాయకొండ పాఠకురాలు

జవాబు: జిమ్మీ స్మిత్ 1956లో బ్లూ నోట్ కంపెనీకి చేసిన తొలి రికార్డు ‘ఎ న్యూ సౌండ్... ఎ న్యూ స్టార్...’. దాన్ని మొదటిసారి వినేటప్పుడు కుడిచేతిని పట్టించుకోకండి, బేస్ ఒక్కటే వెంబడించండి. బేస్, రాగం రెండూ ఒక్క మనిషే వాయిస్తున్నాడని గుర్తుండాలి. తర్వాత షిర్లీ స్కాట్ 1958లో ప్రెస్టీజ్‌కి చేసిన తొలి రికార్డు. అందులో విడిగా బేస్ వాయించే మనిషి ఉన్నాడు. కాబట్టి ఆమె ఎడమ చెయ్యి ఖాళీ దొరికి కార్డ్‌లకు వెళ్తుంది, ఆర్గాన్ తేలికపడుతుంది. ఈ రెండూ పక్కపక్కన వింటే, బేస్ వాయించే మనిషి దొరకడం మీకు లాభమా నష్టమా అన్నది మీకే తెలుస్తుంది. లారీ యంగ్ 1960లో, 19 ఏళ్ళకే మొదటి రికార్డు చేశాడు. జోయ్ డిఫ్రాన్సెస్కో తొలి ఆల్బమ్ కొలంబియా నుంచి 1989లో వచ్చింది, అప్పటికి ఇంకా టీనేజీ కుర్రాడు. బి-3 తయారీ 1970లలోనే ఆగిపోయింది, జనం సింథసైజర్ల వెంట పడ్డారు. ఆ కాలంలో పాత పెట్టెను మళ్ళీ ముందుకు తెచ్చిన రికార్డుల్లో అదొకటి. మా లెక్కలో మొదటి రెండే చాలు, వంద సార్లు వినండి.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా బావ గారు పాత హామండ్ ఆర్గాన్ ఒకటి చవగ్గా దొరికిందని, ఓడలో పంపిస్తానంటున్నారు. 110 వోల్ట్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే చాలా? – నెల్లూరు పాఠకుడు

జవాబు: చాలదు. బావగారికి ఇవాళే ఫోన్ చెయ్యండి, ఓడ ఎక్కాక చేసేదేం లేదు.

హామండ్ లోపల శబ్దం పుట్టేది ఎలక్ట్రానిక్ పరికరంలో కాదు. పళ్ళున్న ఇనుప చక్రాలు (బి-3లో 91) అయస్కాంతాల ముందు తిరుగుతుంటాయి. వాటిని తిప్పేది సింక్రనస్ మోటారు, అంటే కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి తిరిగేది. అమెరికాలో 60 హెర్ట్జ్, మన దగ్గర 50. వోల్టేజీ సరిపోయినా మోటారు ఆరింట అయిదు వంతుల వేగంతోనే తిరుగుతుంది. 440 హెర్ట్జ్ పలకాల్సిన ‘ఎ’ మెట్టు 366.7 పలుకుతుంది. మన లెక్కలో ఆరు శ్రుతి నొక్కితే నాలుగున్నర మోగుతుంది, అదీ సరిగ్గా నాలుగున్నర కాదు, ఇంకాస్త కిందికి. పెట్టె మొత్తం ఒకటే తీరుగా దిగుతుంది కాబట్టి ఒంటరిగా వాయిస్తే బాగానే ఉన్నట్టుంటుంది. గిటార్ పక్కన కూర్చున్నాక గొడవ మొదలవుతుంది. ట్యూన్ చెయ్యడానికి మర కూడా ఉండదు. లెస్లీ మోటార్లూ అంతే మందగిస్తాయి. పైగా 60 హెర్ట్జ్ కోసం చుట్టిన మోటారు, ట్రాన్స్‌ఫార్మర్ 50 మీద ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతాయి.

బజారులో ‘230 నుంచి 110’ అని అమ్మేవి వోల్టేజీ ఒక్కటే మారుస్తాయి. కావలసింది ఫ్రీక్వెన్సీ కన్వర్టర్, లేదా 120 వోల్ట్, 60 హెర్ట్జ్ బయటికిచ్చే ప్యూర్ సైన్ ఇన్వర్టర్. ‘మోడిఫైడ్ సైన్’ అని రాసినది వద్దు, ఆర్గాన్‌లో ఈగలు ముసిరినట్టు రొద వస్తుంది. ఆర్గాన్ వెనక రేకు మీద వోల్ట్స్, సైకిల్స్, వాట్స్ రాసి ఉంటాయి. దాని ఫోటో తెప్పించుకోండి. ‘50 సైకిల్స్’ అని ఉంటే మీ అదృష్టం, ట్రాన్స్‌ఫార్మర్‌తో సరిపోతుంది. 60 అని ఉంటే కన్వర్టర్ ఖర్చు కూడా కలిపి లెక్క వేసుకోండి. వాట్స్‌కి రెట్టింపు శక్తి ఉన్నది తీసుకోండి.

ఎలాగైనా తెప్పించుకుంటామంటే ఇంకో మూడు మాటలు. ఒకటి, రెండు స్విచ్చిలున్న మోడల్‌ను ఆన్ చేసే పద్ధతి: ‘స్టార్ట్’ స్విచ్చి 8 సెకన్లు పట్టుకుని, అది వదలకుండానే ‘రన్’ వేసి, ఇంకో 4 సెకన్ల తర్వాత స్టార్ట్ వదలాలి. తొందరపడితే మోటారు సింక్‌లోకి రాదు, స్వరం జీరగా దిగజారుతుంది. రెండు, సంవత్సరానికి ఒకసారి జనరేటర్ నూనె పొయ్యాలి, హామండ్ కోసం అమ్మేదే. కుట్టుమిషను నూనె, తుప్పు వదిలించే స్ప్రే పోస్తే లోపలి దారాలు జిగురుపట్టి బేరింగులకు నూనె అందదు. మూడు, ట్యూబుల యాంప్లిఫయర్‌లో వందల వోల్ట్స్ ఉంటాయి, ప్లగ్ పీకాక కూడా కెపాసిటర్లలో నిలుస్తాయి. వెనక పలక విప్పి వేలు పెట్టకండి, ట్యూబ్ సెట్లు తెలిసినవారిని పిలవండి.

బి-3 అయితే 190 కిలోల పైనే. మేడ మీదికి ఎక్కించాలనుకుంటే ముందు మెట్ల మలుపు కొలుచుకోండి. మా మాట అడిగితే, ఆ డబ్బుతో రెండు వరసల మెట్లున్న డిజిటల్ ఆర్గాన్ కొనుక్కోవచ్చు. దానికి 50 అయినా 60 అయినా ఒకటే.

ప్రశ్న: మా చర్చిలో కాళ్ళతో తొక్కే పాత ఆర్గాన్ మూలన పడి ఉంది. బాగుచేసి ఆల్బమ్‌లో వాడొచ్చా? – ప్రకాశం జిల్లా పాఠకుడు

జవాబు: వాడొచ్చు, ఒక ట్యూన్‌కి. అమెరికన్ బాప్టిస్ట్ మిషన్ నెల్లూరులో 1840లో, ఒంగోలులో 1866లో కాలూనింది. ఆ దేశంలో తయారైన ఆర్గాన్లు గాలిని లోపలికి పీల్చే రకం. మన హార్మోనియం గాలిని బయటికి నెట్టే రకం. మీది ఏదో ముందు తెలుసుకోండి, చిల్లు వెతికే పద్ధతి దాన్నిబట్టే.

పీల్చే రకానికి తేలిక ఉపాయం: ఏ మెట్టూ నొక్కకుండా పెడల్స్ తొక్కుతూ, రెండోవాళ్ళను అగరువత్తి పట్టుకుని తిత్తి కుట్లు, మడతలు, చెక్క అతుకుల వెంబడి నెమ్మదిగా తిప్పమనండి. పొగ నిటారుగా లేస్తే బాగున్నట్టు. లోపలికి లాక్కున్నట్టు వంగితే అక్కడే చిల్లు. సుద్దతో గుర్తు పెట్టుకోండి. నిప్పుకణిక మాత్రం గుడ్డకు తగలనివ్వకండి, పాత రబ్బరు గుడ్డ తేలిగ్గా అంటుకుంటుంది. అతకడానికి వడ్రంగులు కాచి పూసే వజ్రం బంక వాడండి, తెల్ల జిగురు కాదు. వేడినీళ్ళతో వజ్రం ఊడొస్తుంది, రేపు ఇంకొకరు బాగుచేయగలరు. తెల్ల జిగురు పూస్తే గుడ్డతోపాటు చెక్క పెచ్చులూ ఊడతాయి.

ఒక స్వరం ఆగకుండా మోగుతుంటే ఆ మెట్టు కింది తలుపు సరిగా మూసుకోవడం లేదు. ఎక్కువసార్లు దుమ్ము తుడిస్తేనే తీరిపోతుంది. అసలు పలకకపోతే రీడ్ నాలుకకూ చట్రానికీ మధ్య నలుసు పడి ఉంటుంది. చిన్న కొక్కెంతో రీడ్‌ను బయటికి లాగి మెత్తటి కుంచెతో తుడవండి, నోటితో ఊదకండి, తేమ తగిలి ఇత్తడి నల్లబడుతుంది. శ్రుతి సరిచెయ్యాలంటే నాలుక కింద పల్చటి రేకు పెట్టి, కొన దగ్గర గీరితే స్వరం పెరుగుతుంది, మేకు దగ్గర గీరితే తగ్గుతుంది. రెండు గీతలు గీసి, చేతి వేడి చల్లారేదాకా ఆగి, అప్పుడు కొలవండి. ఒకేసారి పది గీతలు గీస్తే వెనక్కి రాదు.

మొత్తాన్ని 440కి తేవాలని మాత్రం కూర్చోకండి. పాత ఆర్గాన్ల శ్రుతి తరచు వేరేగా ఉంటుంది. ఫోన్లో ట్యూనర్ పెట్టి పది స్వరాలు కొలవండి. అన్నీ ఒకటే తేడాలో, ఉదాహరణకు 446 దగ్గర ఉంటే, మీ కీబోర్డు మాస్టర్ ట్యూనింగ్‌నే 446కి మార్చండి. ఒక నిమిషం పని. రికార్డింగ్ ఈశాన్య ఋతుపవనం రోజుల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, పెట్టుకోకండి. చెక్క ఉబ్బి మెట్లు పట్టేస్తాయి. రీడ్ పలకడానికి రవ్వంత జాగు పడుతుంది కాబట్టి వేగం ట్యూన్లకు ఇది పనికిరాదు. నెమ్మది ట్యూన్‌లో తొక్కుడు చప్పుడుతో సహా రికార్డ్ చెయ్యండి, బాగుంటుంది.

ప్రశ్న: ఇంట్లో రికార్డ్ చేస్తే ‘హుమ్మ్’ అనే మోత, మధ్యలో టపటపలు వస్తున్నాయి. మాది రొయ్యల చెరువుల ఊరు, సాయంత్రమైతే వోల్టేజీ పడిపోతుంది. – కోవూరు పాఠకుడు

జవాబు: మూడు చప్పుళ్ళు, మూడు కారణాలు. సన్నటి, ఎడతెగని హుమ్మ్ 50 లేదా 100 హెర్ట్జ్‌ది. కీబోర్డు ఒక ప్లగ్గులో, లాప్‌టాప్ ఇంకో గదిలోంచి తెచ్చిన ప్లగ్గులో ఉంటే ఎర్త్ రెండు దారులై వలయం అవుతుంది. అన్నిటినీ ఒకే స్పైక్ బోర్డుకు మార్చండి, లాప్‌టాప్‌ను ఛార్జర్ పీకి బ్యాటరీ మీద నడపండి. అప్పటికీ పోకపోతే కీబోర్డుకీ ఆడియో ఇంటర్‌ఫేస్‌కీ మధ్య డీఐ బాక్స్ (ఎర్త్ కలవకుండా సిగ్నల్‌ను దాటించే పెట్టె) పెట్టి ‘గ్రౌండ్ లిఫ్ట్’ నొక్కండి. ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేస్తే హుమ్మ్ పోతుందని చెప్పేవాళ్ళుంటారు. హుమ్మ్‌తోపాటు మనిషీ పోతాడు.

ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు గరగర వస్తే అది స్క్వేర్ వేవ్ రకం. సైన్ వేవ్ ఉన్న చోటు వెతుక్కోండి. టపటపలు స్టెబిలైజర్‌వి. వోల్టేజీ ఊగినప్పుడల్లా దానిలోని రిలే మారి ఆ దెబ్బ రికార్డులోకి వస్తుంది. రికార్డింగ్ ఏరేటర్లు (చెరువు నీళ్ళకు గాలి పట్టించే యంత్రాలు) నడవని వేళకు మార్చుకోవడమే తేలికైన మందు.

ఆర్గాన్ శబ్దాన్ని స్పీకర్ నుంచి మైకులో పట్టేవాళ్ళు సీలింగ్ ఫ్యాను ఆపాలి. గాలి చప్పుడొక్కటే కాదు, తిరిగే రెక్కల మీద పడి తిరిగొచ్చే శబ్దానికి వణుకు పుడుతుంది. లెస్లీ వణుకు మీద ఇంకో వణుకు అన్నమాట, దాన్ని ఆ తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ తీసెయ్యలేదు. రోహిణి కార్తెలో ఫ్యాను ఆపి వాయించడం నరకం కాబట్టి తెల్లవారుజామునే ముగించండి. నిజం లెస్లీ ఉంటే పై హారన్‌కి రెండు మైకులు ఎదురెదురుగా 30 సెంటీమీటర్ల దూరంలో, కింద బేస్ రోటర్‌కి ఒకటి పెట్టండి. మరీ దగ్గర పెడితే హారన్ ఎదురొచ్చినప్పుడల్లా గాలి తగిలి ఫట్ అంటుంది.

24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో, శిఖరాలు మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఉండేలా లెవెల్ పెట్టండి. సాఫ్ట్‌వేర్ ఆర్గాన్ అయితే మిడి (ఏ మెట్టు ఎప్పుడు నొక్కారన్న లెక్క) కూడా విడిగా రికార్డ్ చేసుకోండి. డ్రాబార్ నచ్చకపోతే రేపు మార్చుకోవచ్చు. ముగ్గురూ ఒకేసారి వాయించండి. క్లిక్ పెట్టి ఒక్కొక్కరు విడివిడిగా చేస్తే తప్పులుండవు, కానీ బేస్‌కి డ్రమ్స్ స్పందించడమనేది కూడా ఉండదు.

ప్రశ్న: ఆల్బమ్‌లో పాత క్రైస్తవ కీర్తనలు, రెండు సినిమా పాటలు జాజ్‌లో వాయిస్తాను. అనుమతులు కావాలా? – ఆత్మకూరు పాఠకుడు

జవాబు: మన కాపీరైట్ చట్టం (1957) ప్రకారం రచయిత లేదా స్వరకర్త చనిపోయిన మరుసటి సంవత్సరం మొదలు నుంచి 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. పురుషోత్తమ చౌదరి 1890లో కాలం చేశారు, ఆయన కీర్తనల సాహిత్యం ఎప్పుడో అందరి సొత్తయింది. మీరు వాయించేది మాత్రం ట్యూన్. పాట పాతదైనా ట్యూన్ నిన్నగాక మొన్న ఎవరో కట్టింది కావచ్చు. ఏ ట్యూన్ ఎవరిదో సంఘంలో పెద్దవాళ్ళను అడిగి రాసి పెట్టుకోండి.

సినిమా పాట విషయంలో చట్టంలోని 31-సి సెక్షన్ చూసి ‘అయిదేళ్ళు దాటితే చాలు’ అనుకునేవాళ్ళున్నారు. మొదటి రికార్డింగ్ వచ్చిన సంవత్సరం ముగిశాక అయిదేళ్ళు గడవాలన్నది ఒక షరతు మాత్రమే. ముందుగా నోటీసు ఇవ్వాలి, ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన రాయల్టీ ముందే కట్టాలి, సాంకేతికంగా తప్పనిసరి కాని మార్పులు సంగీతంలో చెయ్యకూడదు. జాజ్ అంటేనే మార్పు. కాబట్టి ఆ దారి మీకు కుదరదు, హక్కుదారు నుంచి నేరుగా లైసెన్సు తీసుకోండి. తొలి ఆల్బమ్‌కి ఈ తలనొప్పి ఎందుకు? ఆ రెండు చోట్లా సొంత బ్లూస్ పెట్టండి. పన్నెండు బార్ల వరస ఎవరి సొత్తూ కాదు.

ప్రశ్న: ఎన్ని ట్యూన్లుండాలి? ఆన్‌లైన్‌లో పెట్టేముందు ఏం సిద్ధం చేసుకోవాలి? – కందుకూరు పాఠకుడు

జవాబు: ఏడు, ఎనిమిది. ఒక్కోటి నాలుగు నుంచి ఆరు నిమిషాలు, మొత్తం నలభై దాటకుండా. వరసగా రెండు ట్యూన్లు ఒకే శ్రుతిలో, ఒకే వేగంలో పెట్టకండి. ఆర్గాన్ ధ్వని మారదు కాబట్టి చెవి త్వరగా అలిసిపోతుంది. ఒకదాంట్లోనైనా గిటార్‌కి రాగం ఇచ్చి మీరు వెనక ఉండండి.

మాస్టర్ ఫైలు 24 బిట్ వేవ్, మోత (దాని కొలత ఎల్‌యూఎఫ్‌ఎస్) మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ దరిదాపుల్లో, శిఖరం మైనస్ 1 డెసిబెల్ దాటకుండా. ఇంతకన్నా గట్టిగా నొక్కి ఇచ్చినా స్పాటిఫై తగ్గించే వినిపిస్తుంది, మధ్యలో పెర్కషన్ ‘టింగ్’ నలిగిపోవడమే మిగులుతుంది. ముఖచిత్రం చదరంగా, 3000 పిక్సెల్స్. ప్రతి ట్యూన్‌కీ ఆ రికార్డింగును గుర్తించే 12 అక్షరాల ఐఎస్ఆర్‌సీ కోడ్ ఉండాలి. పంపిణీ సంస్థలు సాధారణంగా అవే ఇస్తాయి. ఇచ్చాక ఆ కోడ్లు మీ దగ్గర రాసి ఉంచుకోండి, రేపు సంస్థ మారితే అవే కోడ్లతో ఎక్కించాలి, లేకపోతే పాత లెక్కలు పోతాయి. వివరాల్లో వాయించినవారి పేర్లు ముగ్గురివీ రాయండి. బేస్ అన్న చోట కూడా మీ పేరే.